పొగచూరిన బొంగు మీద యాంటెన్నా

పోయిన మంగళవారం పొద్దున భద్రాచలంలో కాలేజీకి బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "బిడ్డా, తాత పోయిండు. జల్దీ బస్సెక్కు" అన్నాడు. ఆయన నాకు సొంత తాత కాదు, మా పక్కింటాయన. పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక భార్య పుట్టిన మా ఊరికొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఊరంతా ఫిట్టర్ తాత అనే పిలిచేది.

నేనిప్పుడు డిగ్రీ చదువుతున్నానంటే అందులో ఆయన చేతి పని ఉంది. అది చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

కరోనా వచ్చిన ఏడాది నేను పదో తరగతి. బడి మూశారు, పాఠాలు టీవీలో వస్తాయన్నారు. అడవి అంచున ఉన్న మా ఊళ్లో అప్పట్లో ఫోనుకు సిగ్నల్ లేదు, మా ఇంట్లో టీవీయే లేదు. "బడే లేదాయె, ఇంట్ల కూసుని ఏం జేస్తవ్? పత్తి ఏర రా" అంది అమ్మ. అమ్మను తప్పుపట్టను. మా ఇంట్లో నాకంటే ముందు బడి మెట్లెక్కినవాళ్లు లేరు. కానీ మా పెద్దమ్మ కూతుళ్లిద్దరూ అట్లా ఒక్క సీజను కోసమే బడి మాని, మళ్లీ వెళ్లలేదు. నా భయమంతా అదే.

గోడ అవతల తాత ఈ మాటలు విన్నట్టున్నాడు. మర్నాడు తన పాత డబ్బా టీవీ మోసుకొచ్చాడు. "మా మూలకు కూసున్నది, ఇగ మీ మూలకు కూసుంటది" అని దించాడు. డిష్ లేదు కదా అంటే, "సర్కారు టీవీకి యాంటెన్నా చాలు" అని, విరిగిన మడత మంచం తెచ్చి దాని అల్యూమినియం గొట్టాలు ఊడదీయడం మొదలుపెట్టాడు. కోసే ముందు నా వైపు చూశాడు.

"ఎంత పొడుగు కోయాల్నో చెప్పు."

"నాకేం తెలుసు తాతా?"

"నీ సైన్సు బుక్కుల అలల పాఠం ఉంటది, తియ్యి. అలల సగం పొడుగు కావాలె మనకు."

టవరు ఫ్రీక్వెన్సీ ఎంతో ఆయన చెబితే, లెక్క కట్టి చెప్పాను. ఆయన అప్పటికే గొట్టం మీద పెన్సిలుతో గీత పెట్టుకున్నాడు. రెండింటికీ వేలెడు తేడా. నా లెక్క ప్రకారమే కోశాడు.

నాన్న అడవి నుంచి అప్పుడే కొట్టుకొచ్చిన పొడవాటి వెదురు బొంగుకు తాత యాంటెన్నా కట్టి, దాన్ని ఇంటి పక్క గుంజకు బిగించాడు. తెర మీద లెక్కల సారు కనబడగానే అమ్మ గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

నాలుగో రోజుకు బొమ్మ పోయింది. తాత పెంకులు పగలకుండా గోడల మీదుగానే అడుగులేస్తూ ఎక్కి తిప్పేవాడు. "వచ్చింది తాతా! అయ్యో, పోయింది! ఇంకొంచెం!" అని లోపలి నుంచి నేను అరిచేదాన్ని. కట్టు బిగిస్తే వచ్చేది, రెండు రోజులకు మళ్లీ పోయేది. వైరు మార్చాడు, అతుకులు విప్పి మళ్లీ వేశాడు. "గీ చుక్కలు జూసుడుకంటె పత్తి ఏరుడు నయం. సోమవారం నుంచి నాతోటి నడువు" అంది అమ్మ.

ఆ ఆదివారం తాత కప్పు మీదే తల పట్టుకుని కూర్చున్నాడు. కింద నుంచి నాన్న మెల్లగా అన్నాడు: "మామా, అది పచ్చి బొంగు. ఎండేకొద్ది సన్నబడ్తది. కట్టు వదులై గాలికి తిరుగుతది."

బొంగు కొట్టడమే నాన్న బతుకు. మొదటి రోజే ఆయనకు తెలుసు.

"ఇన్ని దినాలు నోరేమైందిరా అల్లుడా?"

"ఫ్యాక్టరీల చేసినోడివి. నీకు నేనేం జెప్పాలె?"

"నా బతుకంత ఇనుప గొట్టాలతోటే పాయె. బొంగు సంగతి నాకేమెరుక? నువ్వు నోరు ఇప్పకపోతే పిల్ల చదువు పోతుండె కదరా!" అని తాత పైనే కూర్చుని పడిపడి నవ్వాడు. దిగొచ్చాక మాత్రం నవ్వలేదు. "నీకు తెలిసింది మెల్లగనన్న చెప్పాలె బిడ్డా. మీ నాయన లెక్క దాసుకోకు" అన్నాడు నాతో. కాలేజీలో చెయ్యెత్తి మాట్లాడాలని అనుకున్నప్పుడల్లా ఆ మాటే నన్ను లేపి నిలబెడుతుంది.

పొయ్యి పైన ఏళ్ల తరబడి ఎండి, పొగచూరిన నల్లటి బొంగు ఒకటి నాన్న తీసిచ్చాడు. తాత యాంటెన్నాను దానికి మార్చి కట్టాక బొమ్మ మళ్లీ పోలేదు. సోమవారం అమ్మ ఒక్కతే పత్తికి వెళ్లింది.

కొన్నాళ్లకు ఆ సర్కారు టీవీ టవరే బందయింది. యాంటెన్నా తీసేద్దామంటే తాత ఒప్పుకోలేదు. "నా లెక్కనే అది గూడ రిటైరైంది. ఉండనియ్" అన్నాడు. పోయిన నెల వెళ్లినప్పుడు మంచంలోనే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, "బొంగు నిలవడ్డదా?" అని అడిగాడు. "అవ్ తాతా, నిలబడ్డది" అన్నాను. ఇంకాసేపు కూర్చోవలసింది. బస్సుకు టైమైందని లేచొచ్చాను.

మంగళవారం నేను వెళ్లేసరికి వాళ్ల వాకిట్లో నాన్న పాడె కడుతున్నాడు. పాడెకు మా ఊళ్లో పచ్చి బొంగే కొట్టుకొస్తారు. కట్టిన ప్రతి ముడినీ నాన్న గుంజి చూస్తున్నాడు, విప్పి మళ్లీ కడుతున్నాడు. "వాగు దాకనే కదరా, ఎండేదాక ఉంటదా ఏంది? గంత బిగిస్తవేంది?" అన్నాడొక పెద్దాయన. నాన్న ఇంకో చుట్టు చుట్టాడు.

వాగు నుంచి తిరిగొచ్చేసరికి గాలి లేచింది. పెరట్లో ఆరేసిన బట్టలన్నీ కొట్టుకుంటున్నాయి. మా కప్పు మీద యాంటెన్నా మాత్రం, తాత తిప్పి పెట్టిన వైపే చూస్తూ, కదలకుండా ఉంది.