ఏడో గుమ్మం

నేను బందరులో ఉద్యోగం ఒప్పుకున్నది ఉద్యోగం కోసం కాదు. ఈ సంగతి ఇంతవరకూ అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు, ఇంటర్వ్యూలో "మా ఆఫీసులోనే ఎందుకు చేరాలనుకుంటున్నావమ్మా?" అని అడిగిన ఆడిటరు గారికి అసలే చెప్పలేదు. ఆయన ఆఫీసుకు వెళ్లే సందులో ఒక పెంకుటిల్లు ఉంది. దాని ప్రహరీ గేటుకు "వెనక వాటా అద్దెకు ఇవ్వబడును" అని సుద్దముక్కతో రాసిన అట్ట వేలాడుతోంది. ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆ అట్టను తలుచుకుంటూ జవాబులు చెప్పాను. పని మీద నాకున్న ఆసక్తి ముఖంలోనే కనిపిస్తోందని ఆయన మెచ్చుకున్నారు.

చదువు అయిపోయి, జీవితం ఇంకా ఏమీ అడగని ఆ కొద్ది కాలంలో ప్రతి మనిషికీ ఏదో ఒక పిచ్చి పడుతుందనుకుంటాను. నాకు ఆ రోజుల్లో ఇళ్ల పిచ్చి పట్టింది. ఫోను తెరిస్తే ఎక్కడెక్కడి దేశాల్లోనో చిన్న చిన్న పల్లెటూరి ఇళ్లు, రంగు పెచ్చులూడిన బీరువాలు, పూల దుప్పట్లు, కిటికీలో కూర్చుని బయటికి చూసే పిల్లి. అలాంటి ఇంటిని డైరీలో మళ్లీ మళ్లీ గీసుకునేదాన్ని (కిటికీలు బాగానే వచ్చేవి, పిల్లి మాత్రం ప్రతిసారీ పందికొక్కులా వచ్చేది). గుడివాడలో మా ఇంట్లో నాకంటూ ఉన్న చోటు నాయనమ్మ మంచం కింద సగభాగం. అక్కడ నా పుస్తకాలు ఉండేవి. మిగతా సగం ఉల్లిపాయలది. కాబట్టి, "గుడివాడ నుంచి బందరు ఎంత దూరమని? రోజూ బస్సులో వెళ్లి రావచ్చుగా" అని అమ్మ అన్నప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూడు పూటలు అన్నం మానేశాను. చివరికి అమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది: "ఓనరు గారి దగ్గర్నుంచి నీ గురించి ఒక్క మాట వచ్చిందా, సామాను సర్దుకుని బస్సెక్కడమే."

ముందు వాటాలో ఓనర్లు ఉండేవాళ్లు. బాబాయిగారు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పిన్నిగారు ఎక్కడా ఉద్యోగం చెయ్యలేదు, అందుకని రిటైరవలేదు కూడా. నా వాటా అంటే ఒక గది, దానికి ఆనుకుని స్టవ్వు పెట్టుకునేంత చోటు. ఆ గదిని ఫోనులో చూసిన ఇల్లులా చెయ్యడానికి నేను బందరులోని పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. ఎవరిదో కుట్టుమిషను పాడైపోతే దాని ఇనపకాళ్లు తెచ్చి, పైన చెక్క వేసి బల్ల చేసుకున్నాను. మూత లేని పింగాణీ జాడీలో గన్నేరుపూలు పెట్టాను. గిలకలదిండి నుంచి మా సందుకు చేపలు తెచ్చే చేపల అత్తను అడిగి, పనికిరాని వల ముక్క ఒకటి తెప్పించి కిటికీకి తెరలా కట్టాను. సముద్రపు గాలికి అది మెల్లగా ఊగుతుంటే, నేను ఊహించుకున్నదంతా నిజమవుతున్నట్టే అనిపించింది. పిల్లి కూడా వచ్చింది. ఒకటి కాదు, సందులో ఉన్న పిల్లులన్నీ వచ్చి కిటికీ కింద కూర్చుని, వల వాసన పీలుస్తూ కళ్లు మూసుకునేవి.

"చిరిగిన వల కిటికీకి కట్టావేంటమ్మా? ఈగల్ని పడతావా?" అంది చేపల అత్త. అమ్మ ఫోనులో ఫోటోలు చూసి, "మేం ఇన్నేళ్లు కష్టపడి ఇంట్లోంచి బయట పారేసిన సామానంతా నువ్వు డబ్బులిచ్చి మళ్లీ లోపలికి తెస్తున్నావా?" అంది. నాకు జవాబులు సాధారణంగా మర్నాడు తడతాయి.

ఆ తర్వాత పాత కలప అడితికి వెళ్లాను. విప్పేసిన ఇళ్ల దూలాలూ తలుపులూ అమ్మే చోటది. నాకు కావలసింది ఒక చిన్న కిటికీ రెక్క. అడితి ఆయన "ఏం కావాలమ్మా?" అని అడిగాడు. నేను "ఊరికే చూద్దామనండీ" అన్నాను. సిగ్గున్నవాళ్లు కొట్లో అనకూడని మాట అది. ఆయన పాపం ఎండలో నిలబడి ఒక్కొక్కటీ ఎత్తి, దులిపి చూపించడం మొదలుపెట్టాడు. ఆయన అంత శ్రమపడ్డాక ఒక్క కిటికీ రెక్క అడగడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఒక టేకు ద్వారబంధం దగ్గర ఆగాడు. పైన చిలకలు, మధ్యలో తామరపువ్వు, కింద ఎందరో తొక్కి తొక్కి నడిమికి అరిగిపోయిన గడప. "చల్లపల్లి వైపు ఇంటిదమ్మా. ఇల్లు పడింది గానీ ఇది పడలా," అన్నాడు. నేను తల ఊపాను. ఆ ఊపుడు బావుందని చెప్పడానికే. ఆయన మాత్రం కొంటానని అర్థం చేసుకుని బండివాణ్ణి పిలిచాడు. నేను బేరం ఆడలేదు. నా ముఖం చూసి ఆయనే జాలిపడి కొంత తగ్గించాడు.

ఇంటికొచ్చాక దాన్ని నా గదిలో గోడకు ఆనించి నిలబెట్టించాను. వడ్రంగిని పిలిచి అడ్డంగా చెక్కలు కొట్టించి పుస్తకాలు సర్దాను. ద్వారబంధం వెనక గోడ, ముందు పుస్తకాలు. మనిషి దాటి వెళ్లాల్సిన చోట పుస్తకాలు ఉన్నాయి. ఇంతకంటే సరైన అమరిక నాకు ఇప్పటికీ తోచలేదు.

పిన్నిగారు చూడటానికి వచ్చి, బుగ్గలు నొక్కుకున్నారు. "అయ్యో అయ్యో, గడపేంటమ్మా ఇట్టా బోడిగా ఉంది! లక్ష్మీదేవి కదూ!" అని వెళ్లి పసుపు గిన్నెతో తిరిగొచ్చి, కూర్చుని శ్రద్ధగా గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం అదే పని. నా కింది అరలో పుస్తకాలన్నిటికీ అంచులు పచ్చబడ్డాయి (ఇప్పుడు చూసినవాళ్లు అదేదో ఖరీదైన ముద్రణ అనుకుంటారు. నేను కాదనను). నాకు బాధ కలగలేదు. ఒకరు తీరి కూర్చుని నా పుస్తకాల అరను ముస్తాబు చెయ్యడం నా జీవితంలో అదే మొదలు.

అంతలో నీళ్ల మోటారు కాలిపోయింది. బాబాయిగారు తన కళ్లజోడు మీద తానే కూర్చున్నారు. ఈ రెండూ పిన్నిగారు ఓర్చుకున్నారు. కానీ ఆవకాయ జాడీ మూత తీసి చూస్తే బూజు పట్టి ఉంది. ఆవిడ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆవకాయకు బూజు పట్టలేదట. జాడీ మూత చేత్తో పట్టుకునే ఆవిడ వీధిలోంచి పెరటిదాకా వేలితో గుమ్మాలు లెక్కపెట్టుకుంటూ వచ్చారు. ఇంటికి గుమ్మాలు సరిసంఖ్యలో ఉండాలని, బేసి అయితే ఏదీ అచ్చిరాదని మా వైపు గట్టి నమ్మకం. ఆ ఇంటికి మొదట్నుంచీ ఆరు. పిన్నిగారు నా గదిలోకి వచ్చి, నా పుస్తకాల అరను వేలితో తాకి, చాలా మెల్లగా "ఏడు" అన్నారు.

ఆ సాయంత్రం పెరట్లో విచారణ జరిగింది. బాబాయిగారు కళ్లజోడు లేకుండా, శూన్యంలోకి చూస్తూ, నా తరఫున మాట్లాడారు. "గుమ్మం అన్నాక రాకపోకలు ఉండాలే. దాని వెనక గోడుంది. రాకపోకలు లేనిదాన్ని గుమ్మం కింద జమకట్టడానికి లేదు."

"రిటైరయ్యాక మీకూ రాకపోకలు లేవు. మిమ్మల్ని మనిషి కింద జమకట్టట్లేదా?" అన్నారు పిన్నిగారు.

బాబాయిగారు వాదన విరమించుకున్నారు. గంప దింపి కూర్చున్న చేపల అత్త, తనను ఎవరూ అడక్కపోయినా తీర్పు చెప్పింది. "మరేనమ్మగోరూ, చెక్కలు నాలుగు నిలబెడితే అది గుమ్మం అవుద్దా? పసుపు రాత్తే అవుద్ది. రాసింది తవరే కదా!"

పిన్నిగారు ఆ రోజు చేపలు తీసుకోలేదు. నా మీద కోపం రెట్టింపయింది. దాన్ని తీసేస్తావా సరే, లేకపోతే మీ అమ్మగారికి ఫోన్ చేస్తానన్నారు. నేను తీసేస్తాననే అన్నాను. కానీ దాన్ని ఎక్కడికి తీసెయ్యాలో తేలలేదు. అడితి ఆయన "పసుపు రాసిన గడప వెనక్కి తీసుకుంటే మా అడితి ఏమైపోవాలమ్మా?" అన్నాడు. గడప కోసేస్తే లెక్కలోకి రాదు కదా అని వడ్రంగిని పిలిస్తే, "గడప కొయ్యమంటారా? మా ఇంట్లో ఆడాళ్లు నన్ను గడప తొక్కనిస్తారా?" అని ఉలి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పోనీ వీధిలో పెట్టేద్దామంటే పిన్నిగారే అడ్డుపడ్డారు. ఇంట్లో ఉంటే అరిష్టం, వీధిలో పెడితే పాపం. ఈలోగా ఆవిడ ఫోన్ చెయ్యనే చేశారు. అమ్మ నాతో ఒకటే మాట అంది: "ఆదివారం వస్తున్నా. సర్దుకో."

శనివారం మధ్యాహ్నం పెరట్లో మళ్లీ అందరం కూర్చున్నాం. నా కళ్ల ముందు నాయనమ్మ మంచం కింద ఉల్లిపాయలు కనిపిస్తున్నాయి. ఆఫీసులో రోజంతా నేను చేసేది ఒకటే పని, రెండు వైపులా అంకెలు కలవకపోతే కలిసేదాకా చూడటం. అక్కడ కలవకపోతే ఎవరం దేన్నీ పారెయ్యం, లోటు ఎక్కడుందో వెతుకుతాం. ఎవరూ అడక్కుండా నేను నోరు తెరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇంకోటి తెస్తేనో?"

అందరూ నా వైపు తిరిగారు. "ఇంకోటేంటి?" అన్నారు పిన్నిగారు.

"ఇంకో గుమ్మమండీ. ఎనిమిదవుతాయి."

"అబ్బో, ఈ పిల్లకి మాటలొచ్చే!" అంది చేపల అత్త. బాబాయిగారు "ఆక్షేపణ లేదు" అన్నారు. పిన్నిగారు చాలాసేపు నన్నూ, నా గదినీ, ఆకాశాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత లేచి చీర కుచ్చిళ్లు సవరించుకుని, "చెప్పులేసుకో" అన్నారు.

అడితి ఆయన నన్ను చూసి, గుమ్మం వెనక్కి తెచ్చాననుకుని భయపడ్డాడు. పిన్నిగారు నా ఎంపిక మీద నమ్మకం లేదని ముందే చెప్పేసి, ఒక్కో చెక్కనూ తట్టి, గీరి, వాసన చూసి, ఎవరి ఇంటిది, ఆ ఇంట్లోవాళ్లు బాగున్నారా లేదా అని విచారించి, ఆయన నీరసించి దూలం మీద కూలబడేదాకా బేరమాడారు. చివరికి చిన్న పూజగది గుమ్మం ఒకటి, గంటల తలుపులతో సహా కొన్నారు. తిరిగి వస్తూ అడితి గేటు దగ్గర ఆగిపోయి, "ఆ మూల ఉయ్యాల బల్ల ఎంతంటాడో ఊరికే కనుక్కో" అన్నారు. ఆ బల్లా వచ్చింది. అంచు పగిలిన అద్దం కూడా ఒకటి వచ్చింది.

ఎనిమిదో గుమ్మాన్ని తన హాల్లో టీవీ చుట్టూ నిలబెట్టించారు. బాబాయిగారు కొత్త కళ్లజోడు పెట్టుకుని, గంటల తలుపులు తీసి, అందులోంచి వార్తలు చూడటం మొదలుపెట్టారు. వార్తలు చదివే అమ్మాయి గర్భగుడిలో వెలిసినట్టు కనిపించేది. చేపల అత్త వీధిలోంచి తొంగిచూసి, పొరపాటున దండం పెట్టుకుని, తర్వాత తిట్టుకునేది. సోమవారం మెకానిక్కు వచ్చి మోటారు బాగుచేసినా, ఆ ఖ్యాతి గుమ్మానికే దక్కింది.

దానికి ముందు ఆదివారం అమ్మ వచ్చింది. నా సామాను కోసం పెద్ద పెద్ద ఖాళీ సంచులు తెచ్చింది. పిన్నిగారు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి ఒక్కో గుమ్మమూ లెక్కపెట్టి చూపించారు. "ఎనిమిది, వదినగారూ. దివ్యంగా ఉంది. మీ అమ్మాయి ఐడియానే."

"ఈ పాత చెత్త..." అని అమ్మ మొదలుపెట్టింది.

"పాతవాటి అందం మీకు తెలీదండీ," అన్నారు పిన్నిగారు, ఉయ్యాల బల్ల మీద కూర్చుంటూ.

అమ్మ నా గదిలోకి వచ్చింది. వల తెరను రెండు వేళ్లతో పట్టుకుని చూసి వదిలేసింది. ద్వారబంధం ముందు కాసేపు నిలబడింది. కింది అరలోంచి ఒక పుస్తకం తీసి, అంచుకున్న పసుపు కొంగుతో తుడిచి, తిరగేసి చూసి, ఎక్కడిదక్కడ పెట్టింది. "మంచం కింద కంటే బానే ఉన్నాయిలే," అంది. ఆ సంచుల్లో పిన్నిగారి పెరట్లో మునక్కాయలు నింపుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో కొన్నేళ్లున్నాను. తర్వాత విజయవాడలో మంచి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో దాదాపు అన్నీ కొత్తవే. గుమ్మాలు ఎన్నో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. నోరు కూడా కొంచెం వచ్చింది, కొట్లో ఏం కావాలంటే అది అడుగుతున్నాను. అందువల్ల ఇంట్లో కావలసినవి మాత్రమే ఉన్నాయి. ఒక్కోసారి, ఏమీ అడగలేక, తల ఊపి గుమ్మం కొనుక్కొచ్చిన ఆ అమ్మాయి నాకంటే బాగా బతకడం తెలిసిన మనిషి అనిపించి నవ్వొస్తుంది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు వ్యానులోకి కుట్టుమిషను కాళ్ల బల్లా, జాడీ, పుస్తకాలూ ఎక్కించాక, ద్వారబంధం ఒక్కటీ మిగిలింది. పిన్నిగారు "నీదేగా, తీసుకెళ్లు" అన్నారు గానీ, ఆవిడ వేళ్లు కొంగు చాటున లెక్కపెట్టుకోవడం నాకు కనిపించింది. "వద్దులెండి, ఇక్కడే ఉండనివ్వండి" అన్నాను. ఆవిడ హమ్మయ్య అనుకుంటారనుకున్నాను. కానీ ఆ బోసి అరల ముందు నిలబడి, ఏదో తప్పిపోయినట్టు కాసేపు చూసి, నా వైపు తిరగకుండానే అన్నారు:

"పై అరలోకి రెండు పుస్తకాలు వదిలేసి వెళ్లమ్మాయ్. మొత్తం ఖాళీగా ఉంటే నువ్వు నిజంగా వెళ్లిపోయినట్టుంటది."