బయ్యన్న ముత్తాతకు ఆధారం

ఉరవకొండ బజారులో బెల్లం, కందిపప్పు అమ్మే బయ్యన్నకు అరవై ఎనిమిదేళ్లు. ఆయన అంగడిలో సరుకు కొనడానికి ఎంతసేపు పడుతుందో, ఆయన ముత్తాత కథ వినడానికి దానికి రెట్టింపు పడుతుంది. నూటయాభై ఏళ్ల కిందటి పెద్ద కరువులో ఆ ముత్తాత ఊరందరికీ గంజి పోశాడట. ఆయన పేరూ బయ్యన్నే. గంజి కాచిన కొప్పెర ఎంత పెద్దదంటే, తెడ్డు తిప్పేవాడు నిచ్చెన వేసుకుని దిగేవాడట. అందులో పడ్డ ఎద్దొకటి ఈత నేర్చుకుని ఒడ్డెక్కిందట. బేరాలు లేని రోజు ఎద్దులు రెండయ్యేవి.

కోడలు అరుణజ్యోతి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఊరి మీద పుస్తకం రాస్తోంది. అందులో ముత్తాతకు ఒక పేజీ కావాలని బయ్యన్న కోరిక. పేజీ ఇవ్వాలంటే ఆధారం చూపించమంది.

"నేను చెప్తాండా గదమ్మా. ఇంకేం ఆధారం?"

"మీరు చెప్పేది మీరు పుట్టకముందుది మామా. అప్పుడు చూసినోళ్లు రాసింది కావాల."

ఆమే ఫోనులో దారి చూపించింది. పాత పుస్తకాలను పేజీ పేజీ ఫోటోలు తీసి, ఎవరైనా ఊరికే చదువుకొమ్మని పెట్టిన గ్రంథాలయాలు నెట్టులో ఉన్నాయి. గుంతకల్లు కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు బయ్యన్నకు ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఊరి పేరు కొడితే బస్సుల వేళలు వచ్చాయి. అనంతపురం అని కొడితే ఆ కరువు కాలానివి దాదాపు ఏమీ రాలేదు. చింతపండు తూస్తూ ఉండగా తట్టింది: అప్పటికి అనంతపురం జిల్లానే పుట్టలేదు, ఈ సీమంతా బళ్ళారి కింద ఉండేది.

బళ్ళారి పేరుతో వెతికితే నివేదికలు కుప్పలుగా వచ్చాయి. ఫోటోల్లోని పాత అచ్చులో ఊరి పేరును యంత్రం పోల్చుకోలేదు కాబట్టి ఆయనే పేజీలు తిప్పాడు. వాన లెక్కలు, చచ్చిన పశువుల లెక్కలు దాటి, చివరికి ఒక క్రైస్తవ మిషను మాసపత్రికలో దొర పాదిరి రాసిన ఉత్తరం దొరికింది. ఉరవకొండలో బయ్యన్నశెట్టి అనే వర్తకుడు, అని ఉంది.

బయ్యన్న అంగడి తలుపు ఒక రెక్క మూసి చదివాడు.

వర్తకుడు నేలలో తవ్విన పాతరలో జొన్నలు దాచి, ధర ఇంకా పెరగాలని కూర్చున్నాడు. అతడు బళ్ళారి పోయినప్పుడు భార్య పాతర తెరిపించి ఊరందరికీ అంబలి కాయించి పోసింది. ఒకసారి గాలి తగిలిన పాతరను మళ్లీ మూస్తే గింజ చెడిపోతుంది. అందుకే తిరిగొచ్చిన భర్త ఏమీ చేయలేక, వీధి అరుగు మీద కూర్చుని అన్నం ముట్టలేదు.

ఆ పేజీ ఆయన తప్ప ఊళ్లో ఎవరూ చూడలేదు. చూపించకపోతే చూసేవాళ్లూ లేరు. రెండు రోజులు కథ అడిగినవాళ్లకు గొంతు బాగాలేదని చెప్పాడు. మూడోరోజు ఫోను కోడలి చేతిలో పెట్టాడు.

ఆమె మొత్తం చదివి, ఆ ముత్తవ్వ పేరేమిటని అడిగింది. పాదిరి రాయలేదు. బయ్యన్న చెల్లెలు మారెక్కకు ఫోను చేస్తే, అవ్వ అనే తప్ప పేరు ఎవరూ పలకగా వినలేదంది.

"పేరు నేను పెట్టేస్తా. ఒక్క నిమిషం పని," అన్నాడు బయ్యన్న. ఆమె చేతిలోని ఆ పేజీ మళ్లీ చూసి, "వద్దులేమ్మా. తెలీదనే రాయి," అన్నాడు.

తరువాత బేరానికి దిగాడు. అన్నం ముట్టలేదన్న మాటైనా తీసేయమన్నాడు. అరుణజ్యోతి ఒప్పుకోలేదు.

"ఆధారం ఉంది మామా. ఉండాల్సిందే."

"పోనీ, ఎన్ని దినాలో రాసినాడా ఆ పాదిరి?"

"లేదు."

"అయితే ఒక్క పూటని రాయి."