కోటాయన ఇంటికొచ్చిన సాయంత్రం

నిన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరో మామిడిపళ్ల పెట్టె తీసుకెళ్లినట్టున్నారు. మనిషి దిగిపోయినా వాసన దిగలేదు. చిన్నరసాల వాసన అది. జీడి ఆరిపోయి, గడ్డిలో నిదానంగా మగ్గి, పులుపు పూర్తిగా పోకుండానే తీపెక్కిన వాసన. ఆ వాసన తగిలితే వేరేవాళ్లకి తోటలు గుర్తొస్తాయేమో గానీ, నాకు మాత్రం టీవీ గుర్తొస్తుంది.

మాది నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే దారిలో ఒక పల్లె. ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకి చోటుండేది కాదు. ముందుగదిలో బంగినపల్లి, పడకగదిలో రసాలు, మంచాల కింద కూడా వరిగడ్డి పరిచి దాని మీద కాయలు, కాయల మీద మళ్లీ గడ్డి. మేమంతా అరుగు మీదే తినడం, అరుగు మీదే పడుకోవడం. కాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు వరసగా కూర్చుని, కబుర్లు ఆపకుండానే ఒక్కో కాయనీ అరచేతిలో తిప్పి చూసి గంపల్లోకి వేస్తుంటే, దెబ్బ తగిలినవన్నీ పిల్లల వాటాకి వచ్చేవి. పొద్దున్నే ఉప్పూ కారం అద్దిన కలెక్టరు కాయ ముక్కలు, మధ్యాహ్నం మామిడికాయ పప్పు, ఎండ తగ్గాక ముంజలు, ఇక ఎప్పుడుపడితే అప్పుడు రసాలు. సెలవులు అయ్యేసరికి ప్రతి పిల్లకీ మూతి చుట్టూ జీడి కాల్చిన మచ్చలుండేవి.

ఆ రోజుల్లోనే ఆదివారం సాయంత్రాలు ఒక గూఢచారి సీరియల్ వచ్చేది. ఎక్కడో చలిదేశంలో తీసినదానికి తెలుగు మాటలు పెట్టారు. ఊళ్లో చాలామందికి అది ఎక్కలేదు. పాటల్లేవు, ఫైటింగుల్లేవు, వాడెవడో పొడుగు కోటు వేసుకుని వానలో నడుస్తూనే ఉంటాడని విసుక్కుని లేచిపోయేవారు. ఎక్కినవాళ్లకి మాత్రం పిచ్చి పట్టింది. ఆ హీరో పేరు నోరు తిరగక అందరం కోటాయన అనేవాళ్లం. కోటాయన దేశం కోసం ఊరూరా తిరుగుతూ, ఇంట్లో భార్యకి మాత్రం బట్టల కంపెనీలో ఉద్యోగమని చెబుతాడు. పిల్లలం గోనెసంచులు భుజాన కప్పుకుని, తోటలో చెట్టు చాటు నుంచి చెట్టు చాటుకి నక్కుతూ, తాతయ్య చుట్ట ఎక్కడ పారేస్తున్నాడో కనిపెట్టి ఒకరి చెవిలో ఒకరం చెప్పుకునేవాళ్లం.

అందరికన్నా ఎక్కువ పిచ్చి మా అమ్మకీ, సరోజ పిన్నికీ. పిన్ని మా బాబాయి భార్య. ఒకే డాబా ఇంట్లో మధ్య గోడకి అటు వాళ్లు, ఇటు మేము. అరుగు మాత్రం ఇద్దరికీ ఒకటే. బాబాయి కాయల లారీల వెంట నాగపూరు, ఢిల్లీ వెళితే వారాల తరబడి వచ్చేవాడు కాదు. అందుకేనేమో, కోటాయన భార్యంటే పిన్నికి ప్రాణం. "ఆ పిల్లకి నిజం చెప్తే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని టీవీతో పోట్లాడేది. అమ్మ నవ్వి నవ్వి చెంగుతో కళ్లు తుడుచుకునేది.

ఆ సీరియల్ రెండో భాగం అయిపోయిన ఏడాది ఆవకాయ బూజు పట్టింది. ఏటా ఇద్దరూ కలిసి ఒకే పెద్ద జాడీలో పెట్టుకునేవారు. మూత తీసి చూసిన అమ్మ, నీరసమో కోపమో, "పిల్లల్లేని చెయ్యి పడితే ఇంతేగా మరి" అనేసింది. పిన్ని కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది. తర్వాత రెండు వంటిళ్లకీ మధ్యనున్న తలుపుకి అటునుంచి గడియ పడింది. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. కానీ వెళ్లి ఆ తలుపు తట్టడానికి ఆవిడకి మొహం చెల్లలేదు. నాన్న, బాబాయి మామూలుగానే ఉన్నారు, నేనూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను, తోడికోడళ్లిద్దరి మధ్య మాత్రం మాట లేదు. అలా రెండేళ్లు గడిచాయి.

అప్పుడు మొదలైంది కోటాయన ఆఖరి సీజన్. సీజన్ అంటే అప్పట్లో మాకు మామిడి సీజనే, మేం దాన్ని చివరి భాగం అనేవాళ్లం. పిన్ని వాటాలో టీవీ లేదు. మొదటి ఆదివారం, పేర్లు పడుతుండగా, గోడ అవతల పిన్ని గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ ఒక్క క్షణం గోడ వంక చూసి, లేచి వెళ్లి సౌండు పెంచింది.

"ఇంట్లో చెవిటోళ్లు ఎవరున్నారే?" అన్నాడు నాన్న.

"నాకే సరిగ్గా వినపట్లేదు లెండి," అంది అమ్మ.

పై వారం, గదుల్లో కాయ నిండిపోయిందన్న వంకతో టీవీని అరుగు మీదకి మార్పించింది. పిన్ని తన గుమ్మంలో పీట వేసుకుని మామిడి ఒరుగులు కోస్తున్నట్టు కూర్చునేది. అక్కణ్ణించి సగం తెరే కనపడుతుంది. "కోటాయన ఏడ్చాడా, ఉత్తినే చూస్తున్నాడా?" అని నన్ను మెల్లిగా పిలిచి అడిగేది. నేను జవాబు చెప్పేలోపే అమ్మ, ఎటో చూస్తూ, "ఏడ్చాడు, ఏడ్చాడు" అని గంపలతో చెప్పేది.

ఆ భాగంలో కోటాయన శత్రువులకి దొరికిపోయాడు. అతను ఎవరో, ఇన్నేళ్లు ఏం చేశాడో అంతా భార్యకి తెలిసిపోయింది. చివరి వారం అతను విడుదలై ఇంటికొస్తాడు. ఆవిడ తలుపు తీస్తుందా, తీసి ఏమంటుంది? కాయలు ఏరేవాళ్లు కూడా వారమంతా అదే మాట.

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచే గాలి తిరిగింది. ఆకాశం ఎర్రమట్టి రంగైపోయింది. సీరియల్ మధ్యలో ఉండగా గాలివాన లేచింది. కోతకొచ్చిన కాయ రాలిపోతోందని నాన్న, కూలీలు, పిల్లలు సంచులు పట్టుకుని తోటకి పరుగెత్తారు. అరుగు మీది కాయలకి పట్టా కప్పడానికి అమ్మ, అది ఎగిరిపోకుండా ఒక మూల పట్టుకోవడానికి నేను మిగిలాం. కరెంటు ఎలాగో ఉంది గానీ టీవీ నిండా చీమలు. డాబా మీద యాంటెన్నా తిరిగిపోయింది. డాబా మెట్లున్నది పిన్ని వైపు.

అమ్మ నోరు తెరిచేలోపే మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. పైన యాంటెన్నా కర్ర కిర్రుమంది. చీమల్లోంచి ఒక వీధి కనపడి పోయింది.

"ఇటు, ఇటు తిప్పు! ఎక్కువైంది, వెనక్కి! ఆగు సరోజా, ఆగు, అదీ!" అని అరిచింది అమ్మ. అరిచాక, తను ఎవరిని పిలిచిందో అప్పుడే తెలిసినట్టు చేత్తో నోరు మూసుకుంది.

"వదిలితే తిరిగిపోతోంది, పట్టుకుంటా! ఏం జరుగుతోంది?" పైనుంచి పిన్ని గొంతు.

"ఇంటి ముందుకొచ్చాడు!"

"తలుపు తీసిందా?"

"తీసింది! తీసి నిలబడింది!"

"ఏమంటున్నాడు?"

నేను తెర వంకే చూస్తున్నాను. కోటాయన ఏమీ అనలేదు. తడిసిన కోటుతో గుమ్మంలో నిలబడ్డాడంతే. పెదవి కూడా కదల్లేదు. అమ్మ తెరని చూడడం మానేసి, అరుగు దిగి, వానలో తల పైకెత్తి నిలబడింది.

"తప్పయిపోయిందంటున్నాడు సరోజా!" అని అరిచింది. గాలికి వినపడలేదనుకుందో ఏమో, మళ్లీ అంది. "అనకూడని మాట... తప్పయిపోయింది సరోజా!"

 అరుగు పైన రేకుల మీద వాన ఒక్కటే మోగుతోంది.

"ఆవిడేం చేస్తోంది?" అని చివరికి అడిగింది పిన్ని.

"ఏడుస్తోంది," అంది అమ్మ.

"ఏడవద్దని చెప్పక్కా. దిగొస్తున్నా."

కర్ర వదిలేయగానే తెర నిండా మళ్లీ చీమలు. సీరియల్ ఎలా ముగిసిందో మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. పిన్ని తడి చీరతో వచ్చి పట్టా రెండో మూల పట్టుకుంది. ఇద్దరూ కలిసి కాయలన్నీ కప్పారు. ఆ తర్వాత అమ్మ పొడి చీర తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది.

కొన్నేళ్లకి అదే సీరియల్ మళ్లీ వేశారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. గుమ్మం సీను వచ్చింది, కోటాయన నిలబడ్డాడు, ఏమీ అనకుండానే పేర్లు పడిపోయాయి. అమ్మ తలెత్తలేదు. పిన్ని తాపీగా బఠాణీలు ఒలుస్తూ, "ఈసారి ఆ మాట కోసేసినట్టున్నారు అక్కా," అంది.

"ఆ, కోసేశారు," అంది అమ్మ.

ఇప్పుడు మా తోటలో సగం పామాయిల్ చెట్లే. ఇళ్లల్లో ఎవరూ గడ్డి పరచడం లేదు, కాయ చెట్టు దిగీ దిగగానే మండీకి పోతోంది. ఆ సీరియల్ భాగాలన్నీ ఫోనులో ఒక్కసారే దొరుకుతున్నాయి, ఎవరికి వాళ్లు కూర్చుని ఒక్క పూటలో చూసేయొచ్చు. బాబాయి పోయాడు. అమ్మ పోయి కూడా మూడేళ్లయింది.

పిన్ని విజయవాడలో నా దగ్గరే ఉంటోంది. సాయంత్రాలు కింద పార్కింగు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుంటుంది. మొన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, కొత్తగా అద్దెకి దిగినావిడ పిన్ని పక్కన కూర్చుని పరిచయం చేసుకుంటోంది. "ఎవరింటికి వచ్చారండీ?" అని అడుగుతోంది.

"వచ్చేదేంటండీ," అంది పిన్ని, నేను వెనకే ఉన్నానని చూసుకోకుండా. "మా అమ్మాయి ఇల్లే ఇది."