అక్క వేసిన గయ్యాళి వేషం

మా అక్కకు పాటంటే ప్రాణం. పెళ్ళై మెట్‌పల్లి దగ్గరి ఊరికి వెళ్ళాక ఆ పాట పొలానికీ వంటింటికీ పరిమితమైంది. బావ దుబాయ్‌లో ఉండేవాడు.

ఒక ఏడు అక్క వాళ్ళ ఊరి మహిళా సంఘం వాళ్ళు పాటలతో ఒక నవ్వుల నాటకం వేద్దామనుకున్నారు. రాసింది అంగన్‌వాడీ టీచర్. మొగుడి వేషం కూడా ఆమెదే. పెళ్ళాం వేషానికి అక్కను అడిగారు. నేను సెలవులకు అక్క దగ్గరే ఉన్నాను. వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతూ నేను మొగుడి చరణం అందుకుంటే, అక్క పెళ్ళాం చరణంతో బదులిచ్చేది.

నాటకంలో పెళ్ళాం ఏం చేసినా మొగుడు దానికో అర్థం తీస్తాడు.

"మాట్లాడితే గయ్యాళివి, మాట్లాడకుంటె మొండిదానివి,
నవ్వితే మతలబున్నది, నవ్వకుంటె మనసే లేదు!"

చివరికి పెళ్ళాం "మరి నేనేం జెయ్యాలె?" అని అడుగుతుంది. మొగుడు తల గోక్కుని, "గది నాకెర్కుంటే నేను మొగున్నెందుకైత?" అంటాడు.

ఫంక్షన్ హాల్లో జనం కడుపుబ్బ నవ్వారు. కొంగు నడుముకు దోపి, గరిటె ఊపుతూ పాడుతున్న ఆ మనిషి మా అక్కేనా అనిపించింది నాకు.

ఎవరో ఆ పాటను ఫోన్‌లో తీసి దుబాయ్‌కి పంపారు. మర్నాడు పొద్దున అక్క జొన్నరొట్టెలు చేస్తుంటే బావ ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది.

"మందిల గట్ల నవ్వుతున్నవు. నేను లేకుంటె నీకంత సంబురమా?"

"అది నాటకం. నవ్వాలె గదా."

"నాటకమైతే అంత మంచిగ ఎట్ల జేస్తవు? మనసుల ఉంటెనే వస్తది."

"మొగని వేషమేసింది టీచరమ్మ. ఆడామెనే."

"నేను గా ముచ్చట అడిగిన్నా? నీ మనసుల ఏదో ఉన్నది గాబట్టే గా ముచ్చట తీసినవు."

అక్క ఇంకో రొట్టెను పెనం మీద వేసింది.

"సప్పుడు జేస్తలేవు. అంటే నేనన్నది నిజమే అన్నట్టు."

నాకు నవ్వు ఆగలేదు. ముందురోజు విన్న చరణాలకూ ఈ మాటలకూ తేడా లేదు. నవ్వుతూనే అక్క వైపు తిరిగాను. పెనం మీద రొట్టె మాడుతోంది. ఆమె దాన్ని తిప్పడం లేదు.

తర్వాత బోథ్ అనే ఊరి నుంచి కూడా ఆ నాటకానికి పిలుపు వచ్చింది. టీచరమ్మ ఇంటికొచ్చి బతిమాలింది. "ఆయన పరేషాన్ అయితుండు టీచర్. పరాయి దేశంల ఉన్న మనిషి" అంది అక్క. వేషం ఇంకొకరికి వెళ్ళింది. కలుపు తీసేటప్పుడు కూడా అక్క పాడటం మళ్ళీ నేను వినలేదు.

మరుసటి ఏడు బావ సెలవు మీద వచ్చాడు. బంధువులు కూర్చున్నప్పుడు ఎవరో ఆ పాటను మెచ్చుకుంటే బావ మొహం వెలిగింది. "ఏమే, జర గా పాట పాడు, అందరు ఇంటరు" అన్నాడు.

చాయ్ గ్లాసులు అందిస్తున్న అక్క ఆగింది. "యాదికి లేదు" అంది.

"సూసిండ్రా? ఆడోళ్ళకు దేని మీదా పట్టుండదు" అన్నాడు బావ. అందరూ నవ్వారు.

వంటింట్లోకి వెళ్ళి, "అక్కా, కావాలనే అన్నవా?" అని అడిగాను. అవునంటుందని ఆశపడ్డాను.

"లేదు చెల్లె. పాడుదామనే అనుకున్న. పాడితే ఏమంటడో, పాడకుంటె ఏమంటడో అని సూసుకునేసరికి నోట్లెకు రాలే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు అంత దుఃఖం వచ్చేది కాదు.