నాచక్క చేతి వాసన

నాచక్క పక్కన నిలబడితే ఎవరైనా ముక్కు మూసుకోవాల్సిందే. తలనూనెలు, షాంపూలు తయారుచేసే ఓ చిన్న కార్ఖానాలో సముద్రపు నాచును ఉడికించి, గుడ్డలో వడకట్టి రసం తీసే పని ఆవిడది; అందుకే అందరికీ నాచక్క అయింది. నాచు నానిందంటే గది గదంతా చేపల కంపు. "బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే, హాయిగా కాళ్లు చాపుకుంటా" అని తనే నవ్వేది. ఒక్క విషయంలో మాత్రం మొండిఘటం. ముందు తన తల మీద పోసుకుంటేగానీ ఏ తొట్టి షాంపూనూ సీసాల్లోకి పోయనిచ్చేది కాదు.

పెద్ద జబ్బు చేసి ఆవిడ చెల్లెలి జుట్టంతా రాలిపోయింది. పసిపిల్లకు మల్లే మళ్లీ మొలుస్తున్న ఆ నూగుజుట్టును నాచక్క ఆ షాంపూతోనే రుద్దేది.

"ఇది జుట్టు మొలిపిస్తుందా అక్కా?"

"మొలిపించదే. మెత్తగా ఉంచుతుంది, అంతే. నీ దగ్గర అబద్ధాలెందుకు?"

"నువ్వు చేసిందైతే చాల్లే."

చెల్లెలికి మళ్లీ ఒంట్లో బాగాలేక ఆవిడ సెలవు పెట్టింది. తిరిగి పనిలోకి వెళ్లిన రోజే కొత్త సీసా ఒకటి తెచ్చింది. చెల్లెలు మూత తీసి మొహం చిట్లించింది.

"ఇదేంటక్కా, కంపు కొట్టట్లేదు? ఇది నీది కాదు."

నాచక్క అరచేతిలో పోసుకుని చూసింది. పచ్చగా నిగనిగలాడుతోంది. ఆవిడ తీసే రసం బురదరంగులో ఉంటుంది. ఒళ్లు భగ్గుమంది.

మర్నాడు మేనేజరు తాపీగా చెప్పాడు. "కంపు కొడితే ఎవరు కొంటారమ్మా? రంగేశాం, సెంటు కలిపాం. నాచు రసం కూడా ఓ చెంచాడు పడిందిలే."

"తొట్టికి చెంచాడా! షాంపూలో పోశారా, చెవిలో చుక్కల మందేశారా?"

"ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతమా?"

"మీకు చిన్నదే! నా చెల్లెలి తల రుద్దేది నేను. దాని ముందు నన్ను అబద్ధాలకోరును చేశారు!"

విసురుగా వెళ్లి సీసాల బల్ల ముందు కూర్చుంది. ఒక్కో సీసా అందుకుని, దాని మీది నాచు బొమ్మను గోటితో గీకసాగింది. "లోపల లేనిది పైనెందుకు?" మూతలు బిగించే ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఒకావిడ మాత్రం తలెత్తకుండానే తన సీసాలు నాచక్క వైపు జరిపింది.

ఆ పూటే నాచక్కను పనిలోంచి తీసేశారు. గోనెసంచి అడుగున మిగిలిన నాచును దులిపి ఇంటికి తెచ్చి ఉడికించింది. ఇరుగుపొరుగు ధడాధడా కిటికీలు మూశారు. చెల్లెలు మాత్రం "అబ్బా, కంపు!" అంటూ నవ్వి తల వంచింది.

అదే ఆఖరుసారి తల రుద్దడం. ఆ తర్వాత చెల్లెలు ఎన్నాళ్లో బతకలేదు.

ఇప్పటికీ ఏ దుకాణంలో ఆ పచ్చ సీసా కనబడినా నాచక్క గోరు బొమ్మ మీదికే పోతుంది. దుకాణదారు కేకలేస్తాడు. ఆవిడ గీకుతూనే ఉంటుంది.