లాంచీ కూతకు కుదిర్చిన పియానో

ఒకప్పుడు ఆ ఊళ్ళో పియానో ఉన్న హోటళ్ళు పదకొండు. పదకొండింటికీ శ్రుతి చేసింది ఒక్క మనిషే. ఆయన అసలు పేరు పాత కాగితాల్లో ఉండిపోయింది. ఊరందరికీ ఆయన మేస్త్రిగారు. చేతిలో తోలుసంచీ, అందులో తంతుల మేకులు తిప్పే పిడి, నాలుగు ఉన్నిపట్టీలు, తడితే ఒకే స్వరం పలికే ఉక్కు శ్రుతిదండం ఒకటి, ఒక నోటుపుస్తకం. ఇంతే సరంజామా.

ఊరి పటం ఆయన బుర్రలో వీధుల లెక్కన కాక పియానోల లెక్కన ఉండేది. కొండమీది హోటల్లో పియానో పడమటి కిటికీ పక్కన ఉండేది. అక్కడినుంచి చూస్తే ఊరంతా అరచేతిలో పెట్టుకున్నట్టు కనిపించేది గాని, ఆ ఎండకే చెక్క ఉబ్బి వేళ్ళతో నొక్కే మెట్లు బిగుసుకుపోయేవి. స్టేషను ఎదుటి కాఫీ హోటల్లో రైలు వచ్చినప్పుడల్లా మంద్రస్థాయి తంతులు వాటంతటవే గొణిగేవి. బేకరీవాళ్ళ పియానోలో ప్రతిసారీ గుప్పెడు రొట్టెపొడి దొరికేది. అది ఎలుకల పనా, బేకరీవాళ్ళ పిల్లల పనా అన్నది ఇరవై ఏళ్ళు ఆలోచించినా తేల్చలేకపోయారాయన.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున శ్రుతి చేసిన పియానోను ఆ సాయంత్రమే, అదే హోటల్లో, భార్యతో కలిసి భోంచేస్తూ వినాలి. ఖాళీ గదిలో బాగున్నది స్పూన్ల చప్పుడు మధ్య బాగుండాలని లేదు. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. మొహాలు మరిచిపోతుంది, గొంతులు మరవదు. ఫలానా హోటల్లో ఫలానా వాన కురిసిన రోజు ఏ పాట వాయించారో తడుముకోకుండా చెప్పగలదు. ఏం తిన్నారో మాత్రం ఆయనే చెప్పాలి. అలా ఇద్దరూ కలిస్తేనే ఒక జ్ఞాపకం పూర్తయ్యేది.

కాలక్రమాన పది పియానోలు పోయాయి. కొన్నిటి స్థానంలో స్పీకర్లు వచ్చాయి, కొన్ని హోటళ్ళే పోయాయి. నదిగట్టున, లాంచీల రేవుకు పైన, మేడమీద ఉన్న హోటల్లోది ఒక్కటే మిగిలింది. అరవై ఎనిమిదో ఏట ఆయనకు మేస్త్రి అన్న పిలుపు ఆ ఒక్క పియానోమీద నిలిచి ఉంది.

ఒక సోమవారం పొద్దున ఆ హోటల్ యజమానురాలు ఆయన్ను పిలిపించింది. తండ్రి తర్వాత హోటల్ నడుపుతున్న మనిషి. గౌనులో తిరిగే వయసునుంచీ ఆయన ఎరుగును.

"బాబాయ్‌గారూ, కాఫీ తాగండి. తర్వాత ఒక మాట."

"మాటే ముందు చెప్పు తల్లీ. నీ వాలకం చూస్తే కాఫీ గొంతు దిగేలా లేదు."

ఆమె ఇబ్బందిగా పక్కకు చూసింది. అక్కడ పియానో ముందు కొత్తగా చేరిన వాయిద్యకారిణి నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ అక్కడ వాయించిన పెద్దాయన నిరుడు పోతే, ఆ స్థానంలోకి వచ్చిన అమ్మాయి. మాటలో పొగరు లేదు, చాటూ లేదు.

"సార్, పియానో శ్రుతి కిందికి ఉంది," అంది. "ఒకటి రెండు మెట్లు కాదు, అన్నీ. నేను తప్పేమో అనుకుని మూడు రోజులు చూశాను."

ఫోన్‌లో శ్రుతి చూపే యాప్ తెరిచి పక్కన పెట్టి ఒక మెట్టు నొక్కింది. తెరమీద సూది మధ్యలో నిలవాల్సింది, బాగా ఎడమకు వాలిపోయింది. పక్క మెట్టుకు పోయే దారిలో దాదాపు సగందూరం.

"పోయిన వారం వేణువు వాయించేవారిని పిలిచాం," అంది యజమానురాలు. "ఆయన వేణువు అంత కిందికి దిగదట. రెండో పాటకే ఆపేశారు. ఒక టేబుల్ వాళ్ళు సగంలో లేచిపోయారు బాబాయ్‌గారూ. మీ వయసు గురించి నేను అనకూడదు..."

"అనకూడదంటూనే అన్నావుగా."

"పియానో కంపెనీవాళ్ళ మనిషి శ్రుతి చేసే మిషన్‌తో వస్తానన్నాడు. వచ్చే సోమవారం రమ్మన్నాను. మీకు ముందే చెప్పడం మర్యాద కదా."

 మేస్త్రిగారు కాఫీ తాగి, కప్పు సాసరులో సరిగ్గా మధ్యలో పెట్టి, మేడ దిగిపోయారు.

 ఆ పియానోను కిందికి దించింది ఆయనే. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, పెళ్ళయిన మొదటి సంవత్సరం, ఇదే మేడమీద మూల టేబుల్ దగ్గర భార్య కూర్చుని ఉండగా, చిన్నప్పుడు ఆమెకు వాళ్ళమ్మ పాడిన పాట ఒకటి పెద్దాయన వాయించాడు. తల్లి పోయి అప్పటికి ఆరునెలలు. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. సరిగ్గా ఆరున్నరకు రేవు వదిలే లాంచీ కూత పెట్టింది. ఆ కూత పాటలోని ఒక స్వరానికి చాలా దగ్గరగా ఉంది గాని, ఆ స్వరం కాదు. చేపముక్కలో ముల్లు తగిలినట్టు ఆమె మొహం ముడుచుకుపోయింది. "పాడైపోయిందండీ," అంది అంతే.

ఆ వారమే ఆయన పియానో మొత్తాన్నీ వెంట్రుకవాసి కిందికి దించి, లాంచీ కూతతో కలిపేశారు. పెద్దాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒంటరిగా వాయించే పియానోకు దానివల్ల నష్టమేమీ లేదు. ఆ మరుసటి గురువారం కూత వచ్చి పాటలో కలిసిపోయేసరికి ఆమె పసిపిల్లలా చప్పట్లు కొట్టింది. "చూశారా, లాంచీకి కూడా పాట తెలిసిపోయింది!" అంది. ఆనాటినుంచీ చుట్టాలందరికీ అదే చెబుతూ వచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

కాబట్టి పియానో కిందికి ఉందన్న ఆరోపణ ఆయన్ను కలవరపెట్టలేదు. కలవరపెట్టింది సూది చూపిన దూరం. ఇంటికి వెళ్ళి పాత నోటుపుస్తకం తీశారు. ఆనాటి పేజీలో ఆయన చేతిరాత స్పష్టంగా ఉంది: "దండంకన్నా కింద. సెకనుకు ఐదు అలలు." దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిసి మోగితే ధ్వని అలలుగా ఊగుతుంది; ఎడం పెరిగేకొద్దీ అలల వేగం పెరుగుతుంది. సెకనుకు ఐదంటే చాలా చిన్న ఎడం. పక్క మెట్టుకున్న దూరంలో ఐదోవంతు. సూది చూపినది దాదాపు సగం. మిగిలిన తేడా ఎక్కడినుంచి వచ్చింది? తాను దించలేదు. దించినట్టు తెలియకుండా దించి ఉంటే, ఆయన చెవి చెడిందా అని యజమానురాలు అడగకుండా వదిలేసిన ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

ఆ సాయంత్రం భార్య వంటగదిలోంచి కేకేసింది.

"ఏమండీ, ఆ టీవీ కాస్త తగ్గిస్తారా? పక్కింటివాళ్ళకి వేరే టీవీ అక్కర్లేకుండా పోయింది."

మరోరోజైతే నవ్వేసేవారు. ఆవేళ లేచి టీవీ కట్టేశారు.

మంగళవారమంతా శ్రుతిదండాన్ని మోకాలికి తట్టి ఒక చెవి దగ్గరా, మరో చెవి దగ్గరా పెట్టుకుని విన్నారు. రెండింటా ఒకేలా వినిపించింది. కానీ చెవికి చెవే సాక్ష్యం చెబితే ఎవరు నమ్ముతారు? ఆయనే నమ్మలేదు. సరంజామాలో ఏది మారిందో ఒక్కొక్కటే ఆలోచించారు. దండం ఉక్కుది, మారదు. తంతులు జారితే అన్నీ ఒకేలా జారవు. అప్పుడు తట్టింది: ఆ ఒక్క పియానో దగ్గర ఆయన దండం వాడటం ఎప్పుడో మానేశారు. ఏటా రెండుసార్లు, ఆరున్నర లాంచీ కూతను చెవిలో పట్టుకుని, మర్నాడు పొద్దున దానికే తంతులు బిగిస్తూ వచ్చారు.

బుధవారం పొద్దున రేవుకు వెళ్ళారు. లాంచీ నడిపే సరంగు గట్టున కూర్చుని తాడు ముడులు విప్పుతున్నాడు.

"హారన్ ఎప్పుడైనా మార్చారా?"

"మార్చడమా? లాంచీకన్నా అదే పాతది మేస్త్రిగారూ. లోపల రేకు తుప్పు తినేసి పల్చబడిపోయింది. ఏటేటా గొంతు బొంగురుపోతోంది. మా ఆవిడకి నా గొంతూ దాని గొంతూ ఒకేలా వినిపిస్తాయట."

మేస్త్రిగారికి నవ్వు రాలేదు. కొంత ఆశ మాత్రం వచ్చింది. అయితే ఆశ రుజువు కాదు.

గురువారం సాయంత్రం ఆరింటికే భార్యను తీసుకుని హోటల్ మేడ ఎక్కారు. నది సగం ఎండలోనూ సగం నీడలోనూ ఉంది. అవతలి గట్టున ఇళ్ళ కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. వంతెనమీద బస్సులు అగ్గిపెట్టెల్లా వరుసగా కదులుతున్నాయి. ఆమెకేమీ తెలియదు. శ్రుతి చేయని వారంలో భోజనానికి ఎందుకొచ్చామని అడిగింది. ఆయన సూపు తెప్పించి, ఆమెను కూర్చోబెట్టి, పియానో దగ్గరకు వెళ్ళారు. యజమానురాలు అక్కడే ఉంది.

"అమ్మాయ్, నీ ఫోన్‌తో ఒక సాయం కావాలి," అన్నారు వాయిద్యకారిణితో. "లాంచీ కూసేటప్పుడు దాన్ని పిట్టగోడమీద పెట్టి, సూది ఎక్కడ ఆగుతుందో చెప్పు. నేను చూడను. నువ్వే చెప్పు."

"లాంచీకా సార్?"

"లాంచీకే."

ఆమె పిట్టగోడ దగ్గరకు నడిచింది. ఆరున్నరకు కూత వచ్చింది, పొడుగ్గా, బొంగురుగా. ఆమె తెరమీదికి వంగింది. గబగబా వెనక్కి వచ్చి, పియానో మెట్టు ఒకటి నొక్కి, మళ్ళీ తెర చూసింది.

"మేడమ్, రెండూ ఒకటే! రవ్వంత కూడా తేడా లేదు. ఇంత సరిగ్గా ఎలా కుదిరింది?"

"కుదరలేదమ్మా. కుదిర్చాను," అన్నారు మేస్త్రిగారు.

ఉన్నదున్నట్టు చెప్పారు. మొదట తాను కావాలని దించిన సంగతి, తర్వాత దండం మానేసి కూతనే నమ్ముకున్న సంగతి, కూత ఏటేటా జారుతుంటే దాని వెంట పియానోను కూడా ఈడ్చుకుపోయిన సంగతి. ఒక్కచోట కూడా తన వైపుకు మొగ్గలేదు.

"నా చెవి బాగానే ఉంది. నా పద్ధతి తప్పు. మారేదాన్ని కొలబద్దగా పెట్టుకున్నాను. కొత్తగా చేరినవాడు చేస్తే చెవి మెలిపెట్టి బయటకు పంపేవాణ్ణి. కంపెనీ మనిషిని రమ్మంటే రమ్మను తల్లీ, నేనేమీ అనుకోను. అయితే అతనికి ఒక్క మాట చెప్పు. ఇంత దూరం ఒకేసారి ఎక్కిస్తే పాత తంతులు తెగుతాయి. నాలుగు వారాలు, వారానికి కాస్త చొప్పున ఎక్కించాలి."

 యజమానురాలు వాయిద్యకారిణివైపు చూసింది. రోజూ వాయించేది ఆమే కదా.

"కంపెనీవాళ్ళు వద్దు మేడమ్," అంది ఆ అమ్మాయి. "ఫోన్ లేకుండా ఇంత సరిగ్గా పట్టిన చెవి నేనెక్కడా చూళ్ళేదు. సారే ఎక్కించాలి. కాకపోతే ప్రతిసారీ నేను సూది చూస్తాను. ఏమనుకోవద్దు సార్."

"చూడాలి. చూడకపోతే నేనే ఒప్పుకోను."

టేబుల్ దగ్గరకు వెళ్ళేసరికి భార్య స్పూను పక్కన పెట్టి కూర్చుని ఉంది. ఆ చిన్న హాల్లో మాటలు దాగవు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అంతా విన్నావా?"

"విన్నాను. మా పెద్దక్కకి కూడా చెప్పాను, లాంచీకి పాట వచ్చని. వాళ్ళ వియ్యపురాలికి చెప్పాను. పోస్టుమ్యాన్‌కి చెప్పాను. ఇంతమందిలో నన్ను వెర్రిదాన్ని చేసి కూర్చోబెట్టారన్నమాట."

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? నాకు వందేళ్ళు నిండాకా?"

 ఆమె నదివైపు తిరిగింది. లాంచీ అప్పటికి వంతెన కిందకు చేరింది. కాసేపటికి, ఇటు చూడకుండానే అడిగింది.

"మొత్తం ఎన్ని తంతులు దాంట్లో?"

"రెండువందల ముప్పై పైచిలుకు."

"ఒక్క కూత కోసం అన్నీ దించారా?"

"ఒక్క కూత కోసం కాదు," అన్నారాయన. 

ఆమె కళ్ళు తుడుచుకుని, తన సూపు గిన్నె పక్కకు జరిపి, ఆయన గిన్నెను ఆయన ముందుకు తోసింది.

నాలుగు వారాలు పట్టింది. ప్రతి మంగళవారం పొద్దున ఆయన మేకులు తిప్పడం, ఆ అమ్మాయి పక్కన నిలబడి సూది చూడటం. ఒకే ఒక్క తంతి తెగింది. చివరి వారం సూది ప్రతి మెట్టుకూ నడిమధ్యన నిలబడింది. ఆ గురువారం వేణువు వాయించే ఆయన మళ్ళీ వచ్చాడు. హాలు నిండింది. మేస్త్రిగారూ భార్యా మూల టేబుల్ దగ్గర కూర్చున్నారు. వేణువూ పియానో పాలూ నీళ్ళలా కలిసి సాగుతుండగా, ఆరున్నరయింది. లాంచీ కూసింది.

ఘోరంగా ఉంది. ఎవరో పక్కున నవ్వారు. వేణువాయన కనుబొమలెత్తాడు. మేస్త్రిగారి చెయ్యి తనకు తెలియకుండానే కుర్చీ కింద తోలుసంచీ కోసం వెతికింది.

భార్య ఆ మణికట్టు పట్టుకుని టేబుల్ మీదికి తెచ్చి పెట్టింది.

"కూర్చోండి," అంది. "కూత అయిపోతుంది. పాట ఇంకా ఉంది."