నది తల్లి ఆడమన్న ఆట

అషాబి ఎవరినీ ఏదీ అడగని మనిషి. కూరలో ఉప్పు తక్కువైతే చప్పగానే తినేది గాని, పక్కింటి గడప తొక్కేది కాదు. అబెయొకుటా ఊళ్ళో, ఇటోకు పేటలో, ఆమెకు ఆరు నీలిమందు కుండలుండేవి. తెల్లారేసరికల్లా మోచేతుల దాకా నీలం. ఆ చేతులతో అద్దిన బట్టల కోసం లేగోసు నుంచి వచ్చేవాళ్ళు. మొగుడు లారీ డ్రైవరు. నెలకోసారి వచ్చి, పెండలం ముద్ద తిని, మళ్ళీ లారీ ఎక్కేవాడు.

పెళ్ళయిన పదమూడేళ్ళకు ఒకే కాన్పులో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ముందు వచ్చింది తైవో, వెనక వచ్చింది కెహిండే. అక్కడి లెక్కలో వెనక వచ్చిందే పెద్దది. లోకం ఎలా ఉందో చూసి రమ్మని చెల్లెల్ని ముందు పంపిస్తుంది.

ఏడో నెలలో తైవోకు జ్వరం వచ్చింది. నాలుగో రోజున పోయింది. కవలల విషయంలో ఆ మాట అనరు, సంతకు వెళ్ళిందంటారు. అషాబి కూడా అలాగే అని, కుండల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి కెహిండే రొమ్ము పట్టడం మానేసింది.

నది ఒడ్డున, ఆ నది దేవత యెమోజా తల్లి గుడి చూసుకునే ముసలామె ఒమిటోలా. అషాబి పిల్లనెత్తుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది.

"చిన్నదాన్ని తల్లి ఒళ్ళో పెట్టుకుందే. కవలలందరికీ ఆవిడే కాపు," అంది ఒమిటోలా. "మరి ఉన్న పిల్లకి చెల్లెలు కనబడొద్దా? కొయ్యబొమ్మ చేయించు. నీళ్ళు పోసి, అలసందలు పెట్టు."

"చేయిస్తానవ్వా."

"అంతటితో అయిపోలేదు. ఇద్దర్నీ ఎత్తుకుని సంతలో ఆడాలి. ఎవరేమిచ్చినా చెయ్యి చాచి పుచ్చుకోవాలి."

"నా పిల్లలకి నేను పెట్టుకోలేనా? ఊళ్ళోవాళ్ళనెందుకు అడగడం?"

"నీకు లేదని కాదే. తల్లి ఆడమంది, ఆడు."

జానెడు బొమ్మ వచ్చింది. అషాబి దానికి రోజూ స్నానం చేయించి, ఒంటికి ఎర్రపొడి, జుట్టుకు నీలిమందు రాసేది. పామాయిలు వేసి ఉడికించిన అలసందలు దాని పెదవులకు తాకించేది. సంతకు మాత్రం వెళ్ళలేదు. కెహిండే చీపురుపుల్లలా అయిపోయింది.

చివరికి ఒక సంత రోజున పిల్లను వీపున కట్టుకుని, బొమ్మను నడుం గుడ్డలో దోపుకుని బయల్దేరింది. సంత నడుమ నిలబడింది. కాలు కదల్లేదు. జనం పక్కనుంచి తప్పుకుని పోతున్నారు.

అక్కడే అకారా వడలు వేసే మొరినాటు ఉంది. అషాబి కుండల నీలినీళ్ళు తన వాకిట్లోకి పారుతున్నాయని పదకొండేళ్ళుగా ఆమెకు అషాబితో మాటల్లేవు.

"ఏమేవ్, కవలల తల్లీ!" అని సంతంతా వినబడేలా అరిచింది మొరినాటు. "పోలీసోడిలా నిలబడ్డావేంటి? నిన్ను చూసి పిల్లలు దడుసుకుంటున్నారు!"

నలుగురూ నవ్వారు. మొరినాటు లేచి, చేతిలోని గరిటెతో మూకుడు మీద తాళం వేస్తూ కవలల పాట ఎత్తుకుంది. పక్కన మిరపకాయలమ్మేవాళ్ళు అందుకున్నారు. అషాబి ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది.

"అది ఆటా? బట్టలు తొక్కుతున్నావా?" అంది మొరినాటు.

"నీ నోరు ముయ్యి! పాట సరిగ్గా పాడు!" అంది అషాబి. పదకొండేళ్ళలో అదే మొదటి మాట.

ఆట బాగా లేదని అందరూ ఒప్పుకున్నారు. అయినా ఉల్లిపాయలు, చిల్లర, ఒక కోడిగుడ్డు ఇచ్చారు. మొరినాటు ఆకులో నాలుగు వడలు పెట్టి అందించింది. అషాబి కాసేపు చూసి, పుచ్చుకుని, అక్కడే నిలబడి తినేసింది.

ఆ సాయంత్రమే కెహిండే పాలు తాగిందని పేటలో చెప్పుకుంటారు. నిజానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా అషాబి ఇంకోసారి ఆడింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆడుతూనే ఉంది. ఎప్పటికీ బాగా ఆడలేదు. నీలినీళ్ళ గొడవ కూడా తీరలేదు. కాకపోతే ఇప్పుడు నోటితో పోట్లాడుకునేవాళ్ళు.

కెహిండే ఇబాదాన్‌లో మంత్రసాని చదువు చదివి, చర్చిలో చేరింది. బొమ్మ సంగతి ఎత్తేది కాదు. అషాబికి చూపు మందగించాక సెలవు పెట్టి ఇంటికొచ్చింది. పొద్దున్నే తల్లి తడుముకుంటూ బొమ్మకు నీళ్ళు పోయబోవడం చూసింది. దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. అరిగి అరిగి బొమ్మ ముఖానికి ముక్కు కూడా మిగల్లేదు.

"ఇలా ఇవ్వమ్మా," అంది చెయ్యి చాచి.

"మీ పాస్టరు ఏమీ అనడా?"

"చెల్లెలికి నీళ్ళు పోస్తే ఏమంటాడు?"

అషాబి బొమ్మనిచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. నీళ్ళ చప్పుడు వింటూ, "చెవుల వెనక రుద్దు. గబగబా కానివ్వకు," అంది.